క్రాన్‌బెర్రీ సాస్ చేసిన పాపమేమిటి?

నవంబరు నాలుగో గురువారం దాటి సోమవారం వచ్చేసరికి అమెరికాలో మనవాళ్ళ ఫ్రిజ్‌ తలుపు తీస్తే ఒక వస్తువు దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. పెరుగు గిన్నె వెనకాల, మూత సరిగ్గా పట్టని ప్లాస్టిక్ డబ్బాలో, ముదురెరుపు రంగులో... అదేనండీ, క్రాన్‌బెర్రీ సాస్. థాంక్స్‌గివింగ్ నాడు బల్ల మీద పెట్టారు. ఒకరిద్దరు మర్యాదకి అర చెంచా వేసుకున్నారు. పిల్లలు వేలుతో ఒకసారి పొడిచి చూశారు. అంతే. మర్నాడు బ్లాక్ ఫ్రైడే హడావిడి, శని ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో భోజనాలు. మంగళవారం రాత్రి చెత్తబండికి డబ్బా బయట పెట్టేటప్పుడు ఈ సాస్ కూడా వెళ్ళిపోతుంది. పాపం, ఎవరూ ఒక్క మాట కూడా అనుకోరు.

టర్కీ తినేవాళ్ళ సంగతి సరే. శాకాహారుల ఇళ్ళల్లో కూడా ఈ సాస్ ఉంటుంది, గమనించారా? కారణం పిల్లలు. వాళ్ళ స్కూల్లో అరచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, దానికి రంగులేసి టర్కీ చేయిస్తారు. పండగ బల్ల మీద ఏమేం ఉండాలో టీచరు చెప్తుంది. ఇంటికొచ్చి "మనం ఎందుకు చెయ్యం?" అని అడుగుతారు. టర్కీ కుదరదు కాబట్టి మెత్తగా చిదిమిన బంగాళాదుంప, గుమ్మడికాయ పై, ఈ సాసు, పక్కన మన పనీర్ బిర్యానీ. తప్పేం లేదు, నాకు చాలా నచ్చే కలయిక కూడా. గొడవంతా తర్వాతి రోజుల్లోనే.

బిర్యానీ మిగిలితే మనం పారెయ్యం. పులిహోర మర్నాటికి ఇంకా బావుంటుందని వాదించే జాతి మనది. మిగిలిన ఇడ్లీలు ఉప్మా అవుతాయి, పులిసిన పిండి పుల్లట్టు అవుతుంది, రాత్రి అన్నం పొద్దున్నకి తిరగమోత అన్నం అవుతుంది. ఆవకాయ జాడీ అడుగున మిగిలిన గుజ్జులో వేడన్నం కలుపుకుని తినడానికి అన్నదమ్ములు పోట్లాడుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఇంత చరిత్ర ఉన్న మనం, బల్ల మీదున్న రెండు రకాల మిగుళ్ళలో ఒకదాన్ని డబ్బాలో భద్రంగా సర్ది, రెండోదాన్ని చెత్తలో వేస్తున్నాం. మన మిగులు అమృతం, వాళ్ళ మిగులు చెత్త! పిల్లలు చూస్తూనే ఉంటారు. "ఇది మన పండగ కూడా" అని వాళ్ళకి గురువారం చెప్పిన మాటకి, సోమవారం ఈ చెత్తబుట్ట ఏం జవాబు చెప్తోంది?

అమెరికాలో ఆహార సరఫరాలో 30 నుంచి 40 శాతం వృథా అవుతోందని ఆ దేశపు వ్యవసాయ శాఖే అంచనా వేసింది. ఆ లెక్కలో ఈ సాస్ వాటా ఆవగింజంత అని నాకూ తెలుసు. మనం స్కోన్లు చేసుకున్నంత మాత్రాన ఆ అంకె కదలదు. కాబట్టి భూగోళాన్ని కాపాడదాం రండి అని ఉపన్యాసం ఇవ్వను. నేనడిగేది చిన్న విషయం, మన ఇంటి ఫ్రిజ్‌కి సంబంధించింది.

ముందు ఈ సాస్ అంటే ఏమిటో కాస్త చూద్దాం, ఎందుకంటే చాలామంది దాన్ని డబ్బాలోంచి జారే ఎర్ర జెల్లీ ముద్దగానే ఎరుగుదురు. క్రాన్‌బెర్రీ ఉత్తర అమెరికా కాయ. విస్కాన్సిన్ రాష్ట్రం అన్నిటికంటే ఎక్కువ పండిస్తుంది, మసాచుసెట్స్ తర్వాత. ఫొటోల్లో నీళ్ళల్లో తేలుతూ కనిపిస్తుంది కాబట్టి నీటి మొక్క అనుకుంటాం గానీ కాదు. కోతల సమయంలో మడిలోకి నీళ్ళు వదులుతారు. కాయ లోపల గాలి గదులుంటాయి కాబట్టి తీగ నుంచి విడిపించగానే పైకి తేలుతుంది, ఒక మూలకి తోసుకుని ఎత్తేస్తారు. అలా నీళ్ళల్లో కోసిన కాయ ఎక్కువగా సాస్‌కీ, రసానికీ పోతుంది. కాయ దొరికేది శరదృతువులోనే కదా, మిగతా సంవత్సరమంతా అమ్ముకోవడం ఎలా అన్న బాధలోంచే డబ్బా సాస్ పుట్టింది. 1912లో మార్కస్ యురాన్ అనే మసాచుసెట్స్ లాయరు ఈ సాస్‌ని డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత 1930లో రైతుల సహకార సంఘంగా ఏర్పడ్డ ఓషన్ స్ప్రేకి మూలపురుషుల్లో ఆయనొకడు. అంటే పాడైపోకుండా నిలవ పెట్టుకోవడానికి పుట్టిన వస్తువుని మనం నాలుగు రోజుల్లో పారేస్తున్నాం.

ఇంకో తమాషా. టర్కీ పక్కన క్రాన్‌బెర్రీ సాస్ పెట్టమని చెప్పిన పాత అమెరికన్ వంట పుస్తకం ఒకటుంది. అమీలియా సిమన్స్ రాసిన 'అమెరికన్ కుకరీ', 1796 నాటిది. పిండిని ఈస్ట్ లేకుండా పొంగించడానికి కర్ర బూడిద నుంచి తీసిన పెర్ల్‌యాష్ అనే పొడి వాడమని చెప్పిందీ ఆ పుస్తకమే. ఇవాళ మనం వాడే బేకింగ్ పౌడరుకి అది ముత్తాత లాంటిది. సాసూ, పిండిని పొంగించే పొడీ ఒకే పుస్తకంలో ఉన్నాయి. రెండిటినీ కలపడం నేనేదో కొత్తగా కనిపెట్టిన వింత కాదని చెప్పడానికి ఇదంతా :)

సరే, ఇప్పుడు మనవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న. "స్కోన్లెందుకండీ, పచ్చడి చేసేస్తే పోలా?"

పోదు. ఇక్కడ రెండు వేర్వేరు వస్తువుల్ని కలిపేస్తున్నాం. పచ్చి క్రాన్‌బెర్రీ మనకి దేవుడిచ్చిన వరం. వాక్కాయ దొరకని దేశంలో దాని పులుపు, వగరు రెండూ ఉన్న కాయ. దాంతో పప్పు, పచ్చడి, పులిహోర అన్నీ అద్భుతంగా కుదురుతాయి, అమెరికాలో చాలామంది తెలుగువాళ్ళు చేసుకుంటున్నారు కూడా. కానీ సాస్ వేరు. బజార్లో దొరికే 12 ఔన్సుల పచ్చి కాయల సంచీ మీద ఉండే మామూలు లెక్క ప్రకారం ఆ సంచీకి కప్పు నీళ్ళు, కప్పు పంచదార. డబ్బా సాస్ అయితే పావు కప్పులో దాదాపు 25 గ్రాముల చక్కెర. ఇంత తీపి ఎక్కిన దాంట్లో ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి పోపు పెడితే వచ్చేది పచ్చడీ కాదు, జామూ కాదు. తినేవాళ్ళు "బావుంది, వెరైటీగా ఉంది" అంటారు. మన భాషలో "వెరైటీగా ఉంది" అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పచ్చడి మళ్ళీ అదే ఫ్రిజ్‌లో, అదే పెరుగు గిన్నె వెనకాల చేరుతుంది. డబ్బా మారిందంతే. దొరికినదానికల్లా పోపు పెట్టి మనదైపోయిందనుకోవడం మనకున్న అలవాటు. దాని తీపిని దాచిపెట్టే వంట కాదు, ఆ తీపితో పని ఉన్న వంట కావాలి.

స్కోన్‌లో ఆ పని ఉంది. స్కోన్ ఒట్టి పిండి, వెన్న, పాలో మీగడో. రుచి చప్పగా, కమ్మగా ఉంటుంది. పుట్టింది స్కాట్లండ్‌లో. బ్రిటన్‌లో గుండ్రంగా, తీపి తక్కువగా చేసి మధ్యకి విడదీసి జామ్, చిక్కటి మీగడ రాసుకుని తింటారు. జామ్ ముందా మీగడ ముందా అని కార్న్‌వాల్‌ వాళ్ళకీ డెవన్‌ వాళ్ళకీ తగువు, మనకి పప్పన్నంలో నెయ్యి ముందా ఆవకాయ ముందా అన్నట్టు. అమెరికా వచ్చేసరికి అది త్రికోణమైపోయి, వెన్నా పంచదారా పెరిగి కాఫీ షాపుల అద్దాల వెనక కూర్చుంది. లండన్‌లో ఉన్న మనవాళ్ళకి క్రిస్మస్ టర్కీ పక్కన ఇదే సాస్ వస్తుంది కాబట్టి, ఈ సమస్య వాళ్ళకి డిసెంబరు చివర్లో మొదలవుతుంది. సంగతేమిటంటే, స్కోన్ ఎక్కడైనా జామ్ కోసం ఎదురుచూసే తిండే. పుల్లగా తియ్యగా ఉన్న ముద్ద దాని లోపలే ఉంటే ఇంకేం కావాలి? పైగా గుడ్డు లేకుండా చక్కగా వస్తుంది. గుడ్డు తినని ఇళ్ళల్లో కేకుల కోసం పడే అవస్థలేవీ దీనికి లేవు.

ఖర్చు లెక్క తీసేవాళ్ళూ ఉంటారు, మనం మనమే కదా. "ఒకటిన్నర డాలరు సాస్ కాపాడ్డానికి నాలుగు డాలర్ల వెన్న, మీగడ, పైన ఓవెన్ కరెంటు. దీనికి బిజినెస్ కేస్ ఏదీ?" న్యాయమైన ప్రశ్నే. ఆ సాస్ కోసం పనిగట్టుకుని కొట్టుకెళ్ళి మీగడ కొనుక్కొస్తానంటే నేనూ వద్దంటాను. కానీ ఒకసారి ఫ్రిజ్‌లో మళ్ళీ చూడండి. పై మీద వెయ్యడానికి గిలక్కొట్టిన మీగడ తాలూకు సగం కార్టన్ అక్కడే ఉంది. బంగాళాదుంపలో వెయ్యగా మిగిలిన వెన్న కడ్డీలు ఉన్నాయి. పై అడుగుకి తెచ్చిన మైదా సంచీ అలమర్లో ఉంది. అంటే సాస్ ఒక్కటే కాదు, నాలుగూ ఆ పండగ మిగుళ్ళే. వాటిల్లో మీగడకి గడువు దగ్గర పడుతోంది, రేపో ఎల్లుండో అదీ సింకులోకి పోతుంది. స్కోన్ గొప్పదనం ఇదీ, నాలుగు మిగుళ్ళూ ఒకే దెబ్బకి ఖాళీ.

ఇక చేసే పద్ధతి. ఇంటర్నెట్‌లో దొరికే చాలా రెసిపీలు "కప్పు సాస్ పిండిలో కలిపెయ్యండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నాకు అక్కడే అభ్యంతరం. సాస్ అంటే నీళ్ళు, చక్కెర, కాయ. అది కలిపితే రెసిపీలో ఉన్న పాలూ పంచదారా రెండూ తగ్గించాలి కదా? ఒక ఇన్‌పుట్ మార్చి మిగతా కోడ్ ముట్టుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో మనకి కొత్తగా చెప్పాలా? పిండి జిగురైపోయి చేతికంటుకుంటుంది, ఓవెన్‌లో పక్కకి పాకుతుంది, రంగేమో నీరసమైన గులాబీ. కాబట్టి సాస్‌ని పిండిలో కలపకూడదు, పొరల మధ్య పెట్టాలి.

రెండు కప్పుల మైదా, అంటే సుమారు 250 గ్రాములు. ఒక టేబుల్ స్పూన్ బేకింగ్ పౌడరు, అర టీస్పూను ఉప్పు. పంచదార మామూలుగా మూడో వంతు కప్పు వేస్తారు, మనం రెండు టేబుల్ స్పూన్లతో ఆపేద్దాం, మిగతాది సాస్ చూసుకుంటుంది. వంటసోడా వెయ్యకండి. క్రాన్‌బెర్రీకి ఆ రంగునిచ్చే పదార్థం పులుపులో ఎర్రగా ఉండి, క్షారం తగిలితే నీలం వైపు తిరుగుతుంది. చిన్నప్పుడు సైన్సు క్లాసులో మందార పువ్వు రసంతో ఆమ్లమా క్షారమా అని పరీక్ష చేశాం చూడండి, అదే సంగతి. సోడా ఎక్కువైన చోటల్లా సాస్ చుట్టూ బూడిద నీలం మచ్చలొస్తాయి. తింటే ఏమీ కాదు, కానీ చూసినవాళ్ళు బూజు అనుకుంటారు.

వెన్న ముప్పావు కడ్డీ, 85 గ్రాములు, ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్న. చిన్న ముక్కలు కోసి పిండిలో వేసి వేళ్ళ కొసలతో నలపాలి. గవ్వలకీ, కజ్జికాయలకీ పిండి గుల్లగా రావడానికి వెన్న పట్టిస్తారు కదా, చెయ్యి కదిలే తీరు అదే, కానీ అంతదాకా వెళ్ళకూడదు. బఠాణీ గింజల్లాంటి వెన్న ముక్కలు కనిపిస్తూ ఉండాలి. ఓవెన్ వేడికి ఆ ముక్కల్లోని నీరు ఆవిరై పొరలు విడదీస్తుంది. తర్వాత చల్లటి మీగడ అర కప్పు పోసి ఫోర్కుతో కలపండి. పొడిపిండి మిగిలితే ఒక్కో చెంచా పోస్తూ వెళ్ళండి.

ఇక్కడే మనవాళ్ళతో అసలు చిక్కు. మన చేతులకి చపాతీ పిండి తెలుసు. పిండి కనిపిస్తే మర్దించాలి, ఎంత మర్దిస్తే అంత మెత్తన, తడిగుడ్డ కప్పి నానబెట్టాలి, ఇదీ మనకి ఒంటబట్టిన విద్య. స్కోన్‌కి ఈ విద్య విషం. మర్దించిన కొద్దీ పిండిలో జిగి పెరిగి స్కోన్ రబ్బరులా సాగుతుంది. ముద్ద అతుక్కుందా లేదా అన్నట్టుండగానే చెయ్యి తీసెయ్యాలి. చూడ్డానికి పగుళ్ళతో, పని సగంలో వదిలేసినట్టుంటుంది. అలాగే ఉండాలి. మా ఇంటికి వచ్చిన పెద్దావిడ ఒకరు ఆ ముద్ద చూసి ఉండబట్టలేక "ఇలా ఇవ్వు బాబూ, నేను కలుపుతాను" అన్నారు. ఆవిడ చేతి చపాతీలు దూది. వాటికి దణ్ణం పెట్టి, ముద్ద మాత్రం ఇవ్వలేదు.

సాస్ అర కప్పు చాలు. డబ్బా జెల్లీ రకమైతే చిన్న ముక్కలు కోసి అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. కాయలు కనిపించే రకమైతే జల్లెడలో వేసి కారేదంతా కారనివ్వండి. ఆ కారిన పాకం పారెయ్యకండి మళ్ళీ, నిమ్మరసంలో కలుపుకుంటే మంచి షర్బత్. పిండి ముద్దని చేత్తో దీర్ఘచతురస్రంగా అద్ది, సగం మీద సాస్ పరిచి, రెండో సగం మడిచి, దాన్ని అంగుళం మందాన గుండ్రంగా అద్ది ఎనిమిది త్రికోణాలు కొయ్యండి. కోసిన ముక్కల్ని పావుగంట ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత 400 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 200 సెంటిగ్రేడ్, వేడిలో 20 నిమిషాలు. పైన బంగారు రంగు రావాలి. కింద పార్చ్‌మెంట్ కాగితం తప్పనిసరి, సాస్ కారిన చోట చక్కెర పాకం పట్టి పళ్ళేనికి అతుక్కుంటుంది. ఆ మాడీ మాడని అంచులకే మా ఇంట్లో గిరాకీ ఎక్కువ.

నారింజ తొక్క తురుము ఉంటే కొద్దిగా వెయ్యండి, సాస్‌తో బాగా కలుస్తుంది. అల్లం కూడా ఫరవాలేదు. ఏలకులు మాత్రం వద్దని నా అభిప్రాయం. ఏలక్కాయ వేసిన ప్రతిదీ పాయసం వాసనే వేస్తుంది. ఇందాక పోపు గురించి అన్నమాటే దీనికీ అన్వయించుకోండి.

సుగర్ ఉన్నవాళ్ళకోసం లెక్క కూడా చెప్పేస్తాను. అర కప్పు సాస్‌లో 50 గ్రాములు, మనం వేసిన రెండు చెంచాల్లో 25 గ్రాములు, మొత్తం 75 గ్రాముల చక్కెర ఎనిమిది ముక్కలకి, అంటే ఒక్కోదానికి 9 గ్రాముల పైచిలుకు. వెన్న పది గ్రాముల పైన, మీగడ, మైదా అదనం. ఇది పథ్యం తిండి అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఒక్కటి తిని, మిగతావి ఆఫీసుకి పట్టుకెళ్ళండి. సెలవుల తర్వాత మొదటి రోజు ఎవరికీ పని మీద మనసుండదు, కాఫీ మెషీన్ పక్కన పెడితే పది నిమిషాల్లో ఖాళీ అవుతాయి. అన్నట్టు, ఇంట్లో పుట్టి పెరిగిన వంట కాబట్టి అమెరికన్ సహోద్యోగులు నిర్మొహమాటంగా తప్పులు చెప్తారు. మన సమోసాలు పట్టుకెళ్ళినప్పుడు వచ్చే "ఆసమ్"ల కంటే ఆ మాటలే నాకు ఎక్కువ పనికొస్తాయి.

ఈ వారం తీరిక లేకపోతే సాస్‌ని ఫ్రీజర్‌లో పెట్టుకోండి, నెలైనా ఏమీ కాదు. కాల్చకుండా కోసిన పచ్చి ముక్కల్ని కూడా అలాగే గడ్డకట్టించి, కావలసినప్పుడు రెండు మూడు నిమిషాలు ఎక్కువ కాల్చుకోవచ్చు. డబ్బా సాస్‌ని మాత్రం ఆ తెరిచిన రేకు డబ్బాలోనే వదిలెయ్యకుండా గాజు సీసాలోకి మార్చండి. బల్ల మీద రెండు గంటలకి మించి బయట ఉన్నదైతే వదిలెయ్యండి, దాన్ని కాపాడమని నేను అనడం లేదు. వచ్చే సంవత్సరానికి ఇంకా మంచి దారి, డబ్బా కొనకుండా పచ్చి కాయల సంచీ ఒకటి కొనడం. సగంతో సాస్, సగంతో పచ్చడి. అప్పుడు పోపు పెట్టండి, ఎవరొద్దన్నారు.

చివరగా, వెన్న బదులు నెయ్యి వెయ్యొచ్చా అని అడగబోతున్నారని తెలుసు. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్ళుంటాయి, ఆ నీళ్ళే ఆవిరై పొరలు లేపుతాయి. నెయ్యిలో ఆ నీళ్ళుండవు. నెయ్యి వేసి కాలిస్తే వచ్చేది నాన్‌ఖటాయికి దూరపు చుట్టం. టీలోకి అది కూడా బావుంటుంది గానీ, దాంట్లో సాస్ పెట్టకండి.